మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇల్లరికం అల్లుడు

బేగంబజార్‌లో మాకొక డ్రైఫ్రూట్ సేటు ఉన్నాడు. నెలకో కొత్త స్కీం ఆయన బుర్రలో మొలకెత్తుతుంది. 10 కిలోల బాదం తీసుకుంటే అరకిలో కిస్మిస్ ఉచితం, పాత బాకీ ఉంటే మాత్రం లేదు. శుక్రవారం కొంటే ఒక శాతం అదనపు తగ్గింపు, ఖర్జూరానికి వర్తించదు. రంజాన్ నెల వచ్చిందంటే అంతా తలకిందులు: ఖర్జూరానికే తగ్గింపు, మిగతా వాటికి లేదు. ఇవన్నీ సేటుకి కంఠోపాఠం. గల్లాపెట్టె దగ్గర కూర్చునే గుమాస్తాకీ కంఠోపాఠమే. రానిదల్లా మా సాఫ్ట్‌వేర్‌కే.

మా ఆఫీసు ఎస్.ఆర్. నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన. మొత్తం 11 మందిమి. మిఠాయి కొట్లకి, మందుల షాపులకి, హోల్‌సేల్ కిరాణాలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతాం. ప్రోగ్రాం అంతా సి ప్లస్ ప్లస్. విండోస్ లైసెన్సుకి డబ్బు పెట్టమంటే దుకాణాలవాళ్ళు మొహం చిట్లిస్తారు కాబట్టి కౌంటర్లలో లైనక్స్ వేసి ఇస్తాం. నేను చేరేనాటికే ఆ కోడుకి పదేళ్ళు దాటాయి.

అందులో ‘డిస్కౌంట్ మాస్టర్’ అని ఒక స్క్రీన్ ఉండేది. మొదట్లో నాలుగే గడులు: వస్తువు, శాతం, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. ఎవరేం అడిగితే అది చేర్చుకుంటూ పోయి 43 గడులకి తెచ్చాం. కొత్తగా కొన్నవాళ్ళు ఆ స్క్రీన్ తెరిచి, బెదిరి, మూసేసేవాళ్ళు. ఆ 43లో కూడా ఇమడని సేటు స్కీముల్ని నేరుగా కోడులోనే రాసేవాళ్ళం. ‘కస్టమర్ నంబర్ 117 అయితే ఇలా చెయ్యి’ లాంటి షరతులు ఫైలు నిండా. స్కీం మారిన ప్రతిసారీ కంపైల్ చెయ్యాలి, అంటే కోడుని యంత్రం నడిపే ప్రోగ్రాంగా మళ్ళీ మార్చాలి, పెన్‌డ్రైవ్‌లో వెయ్యాలి, మా సపోర్ట్ తమ్ముడు బండేసుకుని బేగంబజార్ సందుల్లో దూరాలి. వాడిది సిద్దిపేట వైపు. సందులోంచే ఫోన్ చేసేవాడు: “అన్నా, సేటు మళ్ల మార్చిండు. గీ పెన్‌డ్రైవ్‌ల ఉన్నది నిన్నటి స్కీమంట.”

2024లో బోనాల ముందు ఒక ఆలోచన చేశాను. షరతుల్ని ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకుందాం, ప్రోగ్రాం ఆ ఫైలు చదువుకుంటుంది, ఇక కంపైల్ గోల ఉండదు. మొదటి వారం ‘మొత్తం 5000 దాటితే 2 శాతం’ అన్నది పనిచేసింది. రెండో వారానికి ‘మరియు’ కావలసి వచ్చింది. తర్వాత ‘లేదా’. రెండూ ఒకే వరసలో పడితే ఏది ముందు అన్న పేచీ వచ్చి బ్రాకెట్లు పెట్టాను. బ్రాకెట్లు వచ్చాక గానీ నాకు తెలివి రాలేదు. నేను రాస్తున్నది ఫైలు చదివే కోడు కాదు, ఒక భాష. అదీ ఎవరూ వాడని, తప్పు ఎన్నో వరసలో ఉందో కూడా చెప్పలేని వంకర భాష. రాసిన 1,400 లైన్లూ తీసి పక్కన పడేశాను.

అప్పుడే ఒక సిసలైన స్క్రిప్టింగ్ ఇంజన్‌నే, అంటే విడిగా రాసిన చిన్న ప్రోగ్రాముల్ని (స్క్రిప్టుల్ని) కంపైల్ గోల లేకుండా చదివి నడిపేదాన్నే, మా ప్రోగ్రాంలో కూర్చోబెడదాం అనుకున్నాను. మనం ఎక్కువగా చూసే పద్ధతి దీనికి ఎదురు: పైతాన్ యజమాని, లెక్కలు వేగంగా తెమలాల్సిన చోట అది సి కోడుని పిలుచుకుంటుంది. మాకు కావలసిన ఏర్పాటులో ఇల్లు మాది. ఇంజన్ వచ్చి మా ఇంట్లో ఉంటుంది, పిలిచినప్పుడు పలుకుతుంది. ఇల్లరికం అన్నమాట. అల్లుణ్ణి తెచ్చుకోవడం ఒక పూట పని. ఏ గది తాళాలు చేతికివ్వాలన్నదే ఏళ్ళ తరబడి నలిగే సంగతి. ఈ మాట ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు నాకు తెలిసింది మొదటి సగమే.

మా కంపెనీ సార్ మొదట పైతాన్ పేరే ఎత్తారు. “అమీర్‌పేటలో ఏ గోడ చూసినా పైతాన్ బోర్డే కదయ్యా, మనుషులు సులువుగా దొరుకుతారు” అన్నారు. నిజమే. పైతాన్‌ని లోపల పెట్టుకునే దారీ ఉంది. కానీ స్టాండర్డ్ లైబ్రరీ అంటూ బోలెడు సామాను వెంట మోసుకురావాలి. అంతకన్నా పెద్ద చిక్కు, పైతాన్ స్క్రిప్టుని ఒక గదిలో కట్టిపడెయ్యడం దాదాపు కుదరని పని. ఏ మామూలు విలువ చేతికి చిక్కినా దాని క్లాసు, ఆ పైన క్లాసు, అలా పాక్కుంటూ ఫైళ్ళు తెరిచేదాకా పోవచ్చు. జావాస్క్రిప్ట్‌లో క్రోమ్ వాడే వి8 ఇంజన్ మా ప్రోగ్రాం మొత్తం కన్నా బరువు. ఫాబ్రిస్ బెలార్ 2019లో బయటపెట్టిన క్విక్‌జేఎస్ చిన్నదే, ముచ్చటైనదే, దాంతో ఒక రోజు గడిపాను కూడా. కానీ జావాస్క్రిప్ట్‌లో మామూలు అంకెలన్నీ దశాంశపు అంకెలే. పైసల లెక్కకి పూర్ణాంకాలే ఉండాలని నా పట్టుదల. చివరికి లువా అనే చిన్న భాష దగ్గర ఆగాను.

దీని పుట్టుక నాకు నచ్చింది. 1993లో బ్రెజిల్‌లో, రియో డి జనైరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు కలిసి చేశారు: రొబెర్తో యెరుసలింస్కీ, లూయిజ్ ఎన్రీకే డి ఫిగెరెదో, వల్దెమార్ సెలెస్. ఆ దేశంలో చాలాకాలం విదేశీ కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ కొనడం మీద గట్టి ఆంక్షలుండేవి, దాంతో కావలసినవి సొంతంగా చేసుకునే అలవాటు పడింది. పెట్రోబ్రాస్ చమురు సంస్థ కోసం వాళ్ళు అంతకుముందే రెండు చిన్న భాషలు చేశారు, ఒకటి ఫారాలు నింపే ప్రోగ్రాములకి, ఒకటి రిపోర్టులకి. రిపోర్టుల దాని పేరు సోల్, పోర్చుగీసులో సూర్యుడు. రెండింటినీ కలిపి చేసిన కొత్తదానికి లువా అని పెట్టారు, అంటే చంద్రుడు. మొత్తం 30 వేల లైన్లకి అటూ ఇటూ సి కోడు, లైసెన్సు ఎంఐటీది, రూపాయి అడగదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో, రెడిస్ డేటాబేస్‌లో, నెట్‌వర్క్‌ని పరిశీలించే వైర్‌షార్క్‌లో ఉన్నది ఇదే. ఫారాలూ రిపోర్టులూ అనగానే మనవాడే అనిపించింది.

లువా 5.4 సోర్స్ తెచ్చి మా ప్రోగ్రాంలో కలిపాను. ఇంజన్ లేపడానికి ఒక ఫంక్షన్, స్క్రిప్టు లోపలికి ఎక్కించడానికి ఒకటి, నడపడానికి ఒకటి. ఆ నడిపే ఫంక్షన్ పేరు పీకాల్. తమ్ముడు పక్కన కూర్చుని “ఏం పీకాలన్నా?” అన్నాడు. టీ తాగి వచ్చేలోపు బిల్లు మొత్తానికి 2 శాతం తగ్గించే స్క్రిప్టు నడిచింది. స్క్రిప్టు ఫైల్లో 2ని 3 చేసి, ప్రోగ్రాం ఆపకుండానే మళ్ళీ బిల్లు కొడితే 3 శాతం తగ్గింది. సార్‌ని పిలిచి చూపించాను. “అయిపోయినట్టేనా?” అన్నారు. “అయిపోయినట్టే సార్” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. దీపావళి దాకా ఆయన రోజూ ఆ మాటే గుర్తుచేశారు.

సి ప్లస్ ప్లస్‌కీ లువాకీ మధ్య విలువలు చేతులు మారేది ఒక స్టాక్ మీదుగా, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే గడుల దొంతర మీదుగా. అటునుంచి ఏది కావాలన్నా దాని మీదికి తేవాలి, ఇటునుంచి ఏది ఇవ్వాలన్నా దాని మీదే పెట్టాలి. తీసుకున్నాక ఖాళీ చెయ్యడం మన బాధ్యత. బిల్లులో ప్రతి వస్తువుకీ తగ్గింపు అడిగి, జవాబు చదువుకుని, దాన్ని స్టాక్ మీదే వదిలేస్తూ పోయాను. లువా హామీ ఇచ్చేది 20 ఖాళీ గడులకే, అంతకుమించి కావాలంటే ముందుగా అడిగి పెంచుకోవాలి. చిన్న బిల్లుల్లో ఏమీ కాలేదు. పెద్ద బిల్లుల్లో ఒక్కోసారి ప్రోగ్రాం చప్పుడు లేకుండా చచ్చిపోయేది, ఒక్కోసారి లక్షణంగా నడిచేది. రెండు రోజులు ప్రింటర్ డ్రైవర్‌ని అనుమానించాను, పాపం. లువాలో తనిఖీలన్నీ ఆన్ చేసే ఒక మాక్రో ఉంది, కంపైల్ చేసేటప్పుడు నొక్కే మీటలాంటిది. అది పెట్టి కంపైల్ చేస్తే మొదటి పరుగులోనే సరిగ్గా ఆ లైను దగ్గర ఆగింది. మొదటి రోజే ఆ మాక్రో పెట్టుకోండని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

లువా ఒకటి నుంచి, సి ప్లస్ ప్లస్ సున్నా నుంచి లెక్కపెట్టే తేడాతో ప్రతి బిల్లులోనూ ఆఖరి వస్తువు మాయమైన సంగతి కూడా ఉంది. అది చెప్పుకునేంత గొప్పది కాదు.

చెప్పుకోవాల్సింది తాళం సంగతి. స్క్రిప్టు ‘ఈ వస్తువు స్టాకు ఎంతుంది’ అని అడగడానికి ఒక ఫంక్షన్ ఇచ్చాను. సి ప్లస్ ప్లస్‌లో ఆ ఫంక్షన్ ముందు సరుకు పట్టికని అదే సమయంలో ఇంకెవరూ ముట్టుకోకుండా తాళం వేస్తుంది, వెతుకుతుంది, బయటికి వచ్చేటప్పుడు తాళం దానంతటదే తీసుకుంటుంది. ఆ ‘దానంతటదే’ అన్నది సి ప్లస్ ప్లస్ చేసే ఏర్పాటు: ఫంక్షన్ ఏ దారిన ముగిసినా లోపలి వస్తువుల డిస్ట్రక్టర్లు, అంటే పోయేముందు అన్నీ సర్దేసే ఫంక్షన్లు, నడుస్తాయి. వస్తువు దొరక్కపోతే లువా ఎర్రర్ ఇవ్వమని రాశాను. ఇక్కడే దెబ్బ తగిలింది. సి లో కంపైల్ చేసిన లువా ఎర్రర్ వచ్చినప్పుడు లాంగ్‌జంప్ వాడుతుంది. అంటే ఉన్నచోటి నుంచి ఎకాయెకి పీకాల్ దగ్గరికి దూకేస్తుంది. మధ్యలో ఏ డిస్ట్రక్టరూ నడవదు. తాళం వేసినవాడు కిటికీలోంచి దూకి పోయాడు, తాళం అలాగే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మందుల షాపులో ముందుగా పెట్టి చూస్తున్నాం. శనివారం సాయంత్రం, జనం బారులు తీరి ఉన్నారు. ఎవరో పట్టికలో లేని మందు కోడు కొట్టారు. ఆ బిల్లు ‘వస్తువు లేదు’ అని మర్యాదగా చెప్పింది. తర్వాతి బిల్లు తాళం కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయింది. ఆ కౌంటరు తెర బిగుసుకుంది. మూసి తెరిస్తే పోతుంది, మళ్ళీ అరగంటకి వస్తుంది. మా ఇల్లు అటువైపే కావడం నా అదృష్టమో దురదృష్టమో గానీ, చెప్పులేసుకుని నడిచిపోయి, మందుల అట్టపెట్టెల మధ్య కూర్చుని లాగ్ చదివాను. తెల్లారేసరికి సంగతి అర్థమైంది.

దీనికి రెండు మందులున్నాయి. లువా సోర్స్‌ని సి ప్లస్ ప్లస్ కంపైలర్‌తోనే కంపైల్ చేస్తే అది లాంగ్‌జంప్ మానేసి ఎక్సెప్షన్లు (సి ప్లస్ ప్లస్ సొంత పద్ధతి ఎర్రర్లు) విసురుతుంది, అప్పుడు డిస్ట్రక్టర్లు నడుస్తాయి. రెండోది, ప్రాణంతో ఉన్న సి ప్లస్ ప్లస్ వస్తువు చేతిలో ఉండగా లువా ఎర్రర్ ఎత్తకూడదన్న నియమం: పనంతా లోపలి ఫంక్షన్లో ముగించి, తాళం తీసి, ఆ తర్వాతే ఎర్రర్. నేను రెండూ చేశాను. పాలతో కాలినవాణ్ణి కదా.

వానలు తగ్గాక చిక్కడపల్లిలో ఒక మిఠాయి కొట్టుకి పెట్టాం. డబ్బంతా పైసల్లో, పూర్ణాంకాల్లో. అంత పకడ్బందీగా ఉన్నాననుకుంటే, కొట్టాయన ఫోన్: “5 శాతం తగ్గింపు కొందరికి పడుతోంది, కొందరికి పడట్లేదు. వాళ్ళు నాతో గొడవ పెట్టుకుంటున్నారు సార్.” ఒకే మైసూర్‌పాక్, ఒకే ధర, కిలో 615. నాలుగు వందల గ్రాములు తీసుకున్నాయనకి తగ్గింది. 372 గ్రాములు తూగినాయనకి తగ్గలేదు.

కాగితం మీద వేసుకున్నాను. 400 గ్రాములంటే 24,600 పైసలు. ఐదుతో గుణించి వందతో భాగిస్తే 1,230. బాగుంది. 372 గ్రాములంటే 228 రూపాయల 78 పైసలు, అంటే 22,878. దానికి ఐదు శాతం 1,143.9. లువాలో ఒంటి గీత భాగహారం ఎప్పుడూ దశాంశపు అంకెనే ఇస్తుంది, నిశ్శేషంగా పోయినా 1230.0 అని. దాన్ని పూర్ణాంకంగా ఇవ్వమని నేను ఇటునుంచి అడుగుతున్నాను. 1230.0 నిక్కంగా పూర్ణాంకమే కాబట్టి 1,230 ఇస్తోంది. 1143.9 పూర్ణాంకం కాదు కాబట్టి సున్నా ఇస్తోంది! ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ‘మార్చగలిగానా లేదా’ అని చెప్పే ఒక జెండా ఉంది, మాన్యువల్‌లో రాసే ఉంది, నేను దాన్ని చూడలేదు. తూకం కచ్చితంగా పడినవాడికి తగ్గింపు, గ్రాము అటూ ఇటూ అయినవాడికి గుండుసున్నా.

ఆ జెండా చూడడం వెంటనే మొదలుపెట్టాను. పైగా భాగహారమే స్క్రిప్టు రాసేవాళ్ళ చేతిలో ఉండకూడదని, ‘శాతం’ అనే ఫంక్షన్ నేనే రాసిచ్చాను. దగ్గరి పైసకి సవరించే పని అదే చూసుకుంటుంది. కొట్టాయన కిలో మైసూర్‌పాక్ పంపించాడు. మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియలేదు, తిన్నాం.

అన్నిటికన్నా తల వంచుకోవాల్సి వచ్చింది మాత్రం దీపావళి వారంలో. అదే కొట్టు. పనివాళ్ళు తమ ఇంటికి కొనుక్కుంటే 10 శాతం తగ్గింపు అని తమ్ముడు స్క్రిప్టు రాశాడు. పనివాడైతే తగ్గింపు అనే పేరులో 10 పెట్టు, చివర్లో ఆ తగ్గింపు వెయ్యి. చదివితే తప్పేమీ కనిపించదు. కానీ లువాలో ‘లోకల్’ అని చెప్పకపోతే ఏ పేరైనా అందరిదీ అయిపోతుంది. మేం ఇంజన్‌ని పొద్దున లేపితే రాత్రి దాకా అదే నడుస్తుంది. మధ్యాహ్నం ఒక పనివాడు అరకిలో బాదుషా కొనుక్కున్నాడు. ఆ 10 అక్కడే కూర్చుంది. అప్పట్నుంచి ఆ కౌంటర్లో కొన్న ప్రతివాడూ పనివాడే! రాత్రి గల్లా లెక్క చూసుకునేదాకా ఎవరికీ తెలియలేదు. తక్కువ కట్టినవాడు ఎవడు వెనక్కొచ్చి చెబుతాడు?

ఆ నష్టం మా సార్ కట్టారు. ఎంతో రాయను. తమ్ముడు ముఖం చిన్నబుచ్చుకుని “నేనే తప్పు చేసినన్నా” అన్నాడు. వాడి తప్పు కాదు. ఒక బిల్లు జ్ఞాపకాలు ఇంకో బిల్లుకి అంటకుండా చూడాల్సింది ఇల్లు కట్టినవాడు. మర్నాటికల్లా ప్రతి బిల్లుకీ కొత్త పరిసరం తయారుచేసి అందులోనే స్క్రిప్టు నడిచేలా మార్చాను. చెప్పకుండా కొత్త పేరు పుట్టిస్తే ‘ఈ పేరు ముందు లోకల్ అని చెప్పు’ అంటూ అక్కడే ఆగేలా ఒక మెటాటేబుల్ (లువా టేబుల్ నడవడికని మార్చేది) తగిలించాను. పది లైన్లు కూడా లేవు. ఆ పది లైన్లు రెండు నెలల ముందు రాసి ఉంటే!

తాళాల పని అప్పుడు మొదలైంది, తీరిగ్గా, భయంతో. ఫైళ్ళు తెరిచే లైబ్రరీ తీసేశాను. ఆపరేటింగ్ సిస్టం లైబ్రరీ తీసేశాను, తేదీ మాత్రం నేనే ఇస్తాను. డీబగ్ లైబ్రరీ, బయటి మాడ్యూళ్ళు తెచ్చేది, రెండూ పోయాయి. స్క్రిప్టుని టెక్స్ట్ రూపంలో తప్ప తీసుకోను, ఎందుకంటే చేత్తో చెక్కిన బైట్‌కోడ్ (ముందే కంపైల్ చేసిన రూపం) ఇస్తే ఇంజన్నే కూల్చవచ్చు, దాన్ని సరిచూసే కాపలా లువా 5.2 నుంచి లేదు. మెమరీ ఇచ్చే ఫంక్షన్ నాదే పెట్టి, 8 మెగాబైట్లు దాటితే లేదు పొమ్మన్నాను.

ఇక ఆగని లూపు. తమ్ముడు రాసిన ఒక స్క్రిప్టు లెక్క పెంచడం మరిచి గిర్రున తిరుగుతూనే ఉంది. దీనికి లువాలో హుక్ ఉంది: ఇన్ని సూచనలు నడిచాక నన్నొకసారి పిలువు అని చెప్పొచ్చు. ప్రతి 10 వేలకీ పిలిపించుకుని, సమయం మించితే ఎర్రర్ ఎత్తుతున్నాను. దీనికీ కంతలున్నాయి. స్క్రిప్టులో ఎవరైనా పీకాల్ వాడితే నేనెత్తిన ఎర్రర్‌ని అది మింగేసి మళ్ళీ తిరగొచ్చు. అందుకని స్క్రిప్టులకి పీకాల్ లేదు. అక్షరాల్లో నమూనా వెతికే ఫంక్షన్ సి లోనే నడుస్తుంది కాబట్టి హుక్‌కి చిక్కదు, మెలికల నమూనా ఇస్తే చాలాసేపు కూర్చుంటుంది. దాన్నీ తీసేశాను. ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా.

ఇవన్నీ తలుపులు. ఇంటి లోపల అసలు ఏం కనిపించాలి అన్నది అప్పటికింకా తేల్చుకోలేదు. మొదట్లో గొప్పకి పోయి బిల్లు మొత్తాన్నే స్క్రిప్టు చేతికిచ్చాను: వస్తువులు, కస్టమరు, చెల్లింపు, అన్నీ. అవి మా సి ప్లస్ ప్లస్ వస్తువులకి పాయింటర్లు, అంటే నకళ్ళు కాదు, అసలువి ఉన్నచోటి చిరునామాలు. ఒక స్క్రిప్టు నిన్నటి బిల్లులోని వస్తువుని దాచుకుని, బిల్లు చెరిగిపోయాక దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? పైగా స్క్రిప్టు బిల్లు నంబరునే మార్చెయ్యగలదు. ఒకసారి తమ్ముడు పొరపాటున మార్చాడు కూడా, అదృష్టం కొద్దీ ఆఫీసు కంప్యూటర్లో.

నాలుగు రోజులు ఎటూ తేలక, మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎస్.ఆర్. నగర్ దాకా ఇదే ఆలోచన. చివరికి సేటు గుమాస్తా పద్ధతే నచ్చింది. సేటు గుమాస్తాకి గల్లా తాళం ఇవ్వడు. చీటీ మీద సరుకు రాసి ఇస్తాడు, గుమాస్తా పక్కన తగ్గింపు రాసి వెనక్కిస్తాడు, గల్లా తీసేది సేటే. అదే చేశాను. బిల్లులోంచి అవసరమైనవి మాత్రం ఒక మామూలు లువా టేబుల్‌లోకి నకలు తీసి ఇస్తాను. స్క్రిప్టు తగ్గింపుల జాబితా తిరిగి ఇస్తుంది. దాన్ని సరిచూసి బిల్లులో వేసేది మా కోడు. తగ్గింపు వస్తువు ధరని మించకూడదు, రుణాత్మకం కాకూడదు. నకలు తియ్యడం వృథా అని పక్క సీటు ఆయన ఒక పూట వాదించాడు. 200 వస్తువుల బిల్లుకి కొలిచి చూపించాను, రసీదు ప్రింటర్ ఒక వరస కొట్టేలోపు అయిపోతోంది. పాయింటర్లన్నీ పీకేశాను. “ఏం పీకాలన్నా?” అని తమ్ముడు మొదటి రోజు అడిగినదానికి జవాబు దొరికింది.

జీఎస్‌టీ మాత్రం స్క్రిప్టుకి ఇవ్వనన్నాను. తగ్గింపు సేటు ఇష్టం, పన్ను సర్కారు చట్టం. బిల్లులోనే చూపించిన తగ్గింపు పోగా మిగిలిన విలువ మీద పన్ను పడుతుంది, అందుకని ముందు స్క్రిప్టు, తర్వాత మా పన్ను లెక్క. రేట్లు తేదీలతో సహా వేరే పట్టికలో. ఇది నా గట్టి గోడ.

ఇక తమ్ముడి చదువు. వాడు బీకాం. ‘నిల్ విలువని ఇండెక్స్ చెయ్యబోయారు’ అన్న ఎర్రర్ చూసి “నిల్ అంటే ఏందన్నా, బాకీ నిల్లా?” అన్నాడు. ఎర్రర్లకి తెలుగు మాటలు తగిలించాను: ‘12వ వరస: లేని గడిలో చెయ్యి పెట్టావు.’ లువాలో పేర్లకి ఇంగ్లీషు అక్షరాలే చెల్లుతాయి, కానీ కొటేషన్లలో తెలుగు నిక్షేపంగా ఉంటుంది. అక్కడా ఒక తమాషా జరిగింది. రసీదులో పేరు 16 అక్షరాలకి కత్తిరించమని వాడు రాస్తే ‘లడ్డు’ తర్వాతి మాటలన్నీ పోయాయి. లువా పొడవు కొలిచేది బైట్లలో. కంప్యూటర్ తెలుగుని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరసంకేతం 3 బైట్లు. లడ్డులో ల, డ, పొల్లు, డ, కొమ్ము, మొత్తం ఐదు, అంటే 15 బైట్లు. మన కంటికి రెండే అక్షరాలు. వాడు చాలాసేపు వేళ్ళు మడిచి, “మరి గులాబ్‌జామూన్ గతేంది?” అన్నాడు. కత్తిరించే పని కూడా మేమే తీసుకున్నాం.

2025లో గోడకి పరీక్ష వచ్చింది. సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ రేట్లు మారాయి. ప్యాకెట్ మిక్చర్, నమ్‌కీన్ 12 నుంచి 5కి, కేకులు, బిస్కెట్లు 18 నుంచి 5కి. ముందురోజు ఆదివారం, ఎంగిలిపూల బతుకమ్మ. ఆఫీసు వెనక అపార్ట్‌మెంట్లో పాటలు వినిపిస్తున్నాయి, మేం ముగ్గురం పన్ను పట్టిక మారుస్తున్నాం. స్క్రిప్టులు ముట్టుకోవాల్సిన పనే లేదని నా ధీమా. రాత్రి 10కి పరీక్షకని చిక్కడపల్లి కొట్టు పేరుతో ఒక మిక్చర్ ప్యాకెట్ బిల్లు కొట్టాను. కొత్త ధర పన్నుతో కలిపి 105. పన్ను తీస్తే వంద. పది శాతం తగ్గింపు పది రూపాయలు రావాలి. 9 రూపాయల 38 పైసలు వచ్చింది.

స్క్రిప్టు తెరిచాను. ‘ధరని వందతో గుణించి 112తో భాగించు.’ కొట్టాయన తగ్గింపు పన్నుకి ముందు ధర మీద ఇవ్వమన్నాడట. నేనిచ్చిన టేబుల్లో పన్నుతో కలిసిన ధరే ఉంది. అందుకని తమ్ముడు 12 శాతాన్ని తనే వెనక్కి తీసేశాడు. గోడ ఇవతల నేను కాపలా కాస్తుంటే పన్ను రేటు వాడి అంకెలో దాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. వెతికితే ఇంకో ఆరు స్క్రిప్టుల్లో 112, రెండింటిలో 118.

కోపంగా “పన్ను జోలికి పోవద్దని చెప్పానా లేదా?” అన్నాను.

“చెప్పినవ్ అన్నా. కని పన్ను తీసిన ధర నువ్వు ఇయ్యకపోతివి. నేనేడికెళ్లి తేవాలె?”

పక్క సీటు ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. తాళం ఇవ్వకపోతే అల్లుడు కిటికీలోంచి దూరాడు. రేటు చూపించకుండా, పన్ను తీసిన ధర అని ఒక గడి ఆ టేబుల్లో చేర్చాను. కోడు నాలుగు లైన్లు. తొమ్మిది స్క్రిప్టులూ తమ్ముడే దిద్దాడు, నేను ఒక్కొక్కటీ నడిపి చూశాను, 1 గంట దాటింది. పాటలు ఎప్పుడు ఆగిపోయాయో గమనించలేదు. కొత్త స్క్రిప్టులు ఆన్‌లైన్‌లోనే కౌంటర్లకి వెళ్ళిపోయాయి, ఎవరూ బండి తీయలేదు. అయినా తమ్ముడు పొద్దున 8 గంటలకి చిక్కడపల్లి కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు, మొదటి మిక్చర్ ప్యాకెట్ బిల్లు తన కళ్ళతో చూస్తానని. ఫోటో పంపాడు. తగ్గింపు 10.00. కింద రాశాడు: “అన్నా, బోణీ నేనే చేసిన. ప్యాకెట్ పైసలు నువ్వే ఇయ్యాలె.”